పచ్చబడే నీళ్లు, తెల్లారేసరికి తేలే చేపలు: అందరి చెరువు ఏడాది పొడవునా ఎలా నడుస్తుంది

మొదటి పెద్ద వాన పడిన మర్నాడు పొద్దున చెరువు ఒడ్డున చచ్చిన చేపలు కుప్పలుగా తేలితే అందరికీ ముందు వచ్చే అనుమానం ఒకటే, ఎవరో విషం కలిపారని. ఒక్కోసారి అది నిజమే కావచ్చు కూడా. కానీ చాలాసార్లు ఆ చేపల్ని చంపింది అంతకుముందు రెండు మూడు నెలలుగా చెరువు అడుగున ఎవరి కంటికీ కనపడకుండా జరుగుతూ వచ్చిన వ్యవహారం. అలాగే ఎండాకాలంలో నీళ్లు ఆకుపచ్చ పెయింట్ కలిపినట్టు అయిపోతే ఎండని తిడతాం, కానీ ఆ పాచికి కావాల్సిన మేత ముందు వానాకాలంలోనే కాలువ వెంట వచ్చి చేరిపోయి ఉంటుంది.

చెరువు గురించి మాట్లాడేటప్పుడు జనం తికమకపడేది ఎక్కువగా ఇక్కడే అని నాకనిపిస్తుంది. సమస్య కనపడే సీజన్ ఒకటి, అది పుట్టిన సీజన్ ఇంకొకటి. కనపడినప్పుడు కంగారుగా డబ్బు ఖర్చుపెడతారు, పుట్టేటప్పుడు నీళ్లు బాగానే ఉన్నాయి కదా అని ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈత కోసం, బోటింగ్ కోసం, గాలం వేసుకోవడానికి, సాయంత్రం నడకకి అందరూ కలిసి వాడుకునే చెరువు ఒకదాన్ని తీసుకుని ఏడాదిలో దాని లోపల ఏమవుతుందో మొదట్నుంచి చూద్దాం.

ముందు ఒక లెక్కల చెరువు పెట్టుకుందాం

విస్తీర్ణం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు. సగటు లోతు 2 మీటర్లు, కట్ట దగ్గర మాత్రం 5 మీటర్ల దాకా ఉంటుంది. మొత్తం నీళ్లు 2 లక్షల ఘనపు మీటర్లు, లీటర్లలో చెప్పాలంటే 20 కోట్లు.

దీని గురించి మాట్లాడాలంటే రెండు మాటలు తెలిస్తే చాలు. మొదటిది క్యాచ్‌మెంట్, అంటే ఎక్కడెక్కడ పడిన వాన చివరికి ఈ చెరువులోకే వస్తుందో ఆ నేలంతా. అది చెరువు కంటే పది రెట్లు, ఇరవై రెట్లు కూడా ఉండొచ్చు, అందులో రోడ్లు, ఇళ్లు, తోటలు, పొలాలు, మురుగు కాలువలు అన్నీ ఉంటాయి. రెండోది నీరు నిలవుండే కాలం, అంటే లోపలున్న నీళ్లన్నీ ఒకసారి మారడానికి పట్టే టైమ్. మన చెరువులోంచి ఏడాదికి 4 లక్షల ఘనపు మీటర్లు అలుగు మీదుగా బయటికి పోతే అది ఆరు నెలలు, 1 లక్షే పోతే రెండేళ్లు. ఎంత ఎక్కువ కాలం నిలవుంటే పాచికి అంత తీరిక దొరుకుతుంది, వచ్చిన ఒండ్రు కూడా అంతా అడుగునే దిగిపోతుంది.

అర బస్తా ఎరువుతో చెరువు ఎలా మారిపోతుంది

పాచి పెరగడానికి వెలుతురు, వేడి, కార్బన్, నత్రజని, భాస్వరం అన్నీ కావాలి, వీటిలో మంచినీటి చెరువుల్లో సాధారణంగా అన్నిటికంటే కొరతగా ఉండేది భాస్వరం. కొరతగా ఉన్నది కొంచెం దొరికినా పెరుగుదల ఒక్కసారిగా లేస్తుంది. ఇది కళ్లకి కట్టినట్టు కనపడింది కెనడాలోని ఒంటారియోలో, 1973లో. డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం 226 నంబరు సరస్సుని మధ్యలో ప్లాస్టిక్ తెర కట్టి రెండు ముక్కలు చేసింది. ఒక సగంలో కార్బన్, నత్రజని వేశారు, రెండో సగంలో ఆ రెండిటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం వేసిన సగం పచ్చగా అయిపోయింది, రెండోది మామూలుగానే ఉంది. పై నుంచి తీసిన ఆ ఫోటో చూస్తే ఇంకెవరూ వివరించక్కర్లేదు.

ఇప్పుడు మన చెరువులో లెక్క వేద్దాం. నీటిలో భాస్వరం లీటరుకి 24 మైక్రోగ్రాములు ఉంటే చెరువు మధ్యస్థంగా ఉన్నట్టు, 48 అయితే పాచి బాగా పట్టే స్థితికి వచ్చినట్టు. 20 కోట్ల లీటర్లలో 24 మైక్రోగ్రాముల చొప్పున అంటే మొత్తం చెరువు నీళ్లలో ఉన్న భాస్వరం 4.8 కిలోలు. అంటే మంచి చెరువుకీ పచ్చ చెరువుకీ మధ్య తేడా ఇంకో 4.8 కిలోలే. డీఏపీ ఎరువులో భాస్వరం మూలకం సుమారు 20 శాతం ఉంటుంది, కాబట్టి 24 కిలోల డీఏపీలో ఉన్నంత, అంటే 50 కిలోల బస్తాలో సగం కన్నా తక్కువ. మనిషి విసర్జించే భాస్వరం రోజుకి సుమారు 1.5 గ్రాములు అనుకుంటే తొమ్మిది మంది మురుగు శుద్ధి కాకుండా ఏడాది పాటు కలిసినా అంతే అవుతుంది. వచ్చినదంతా నీళ్లలోనే ఉండిపోదు, కొంత అడుగుకి దిగుతుంది, కొంత బయటికి పోతుంది, కాబట్టి నిజం ఇంత సూటిగా ఉండదు. అయినా 25 ఎకరాల చెరువు తొమ్మిది మంది మురుగుకి లొంగిపోగలదు అన్న ఈ లెక్క నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది.

భాస్వరం ఒక్కటి ఆపితే చాలా, నత్రజని కూడా ఆపాలా అనే దాని మీద శాస్త్రవేత్తల మధ్య గట్టి వాదనే ఉంది. షిండ్లర్ బృందం 227 నంబరు సరస్సులో 1990 నుంచి నత్రజని వేయడం మానేసి భాస్వరం మాత్రమే వేస్తూ వచ్చింది, అయినా పాచి తగ్గలేదు, ఎందుకంటే కొన్ని రకాల నీలిఆకుపచ్చ పాచి గాలిలోని నత్రజనినే పట్టుకోగలదు. కాబట్టి భాస్వరం మీదే దృష్టి పెట్టాలని వాళ్లంటారు. రెండోవైపు వాళ్లు చైనాలోని తైహు సరస్సుని చూపిస్తారు, సగటు లోతు సుమారు 2 మీటర్లే ఉన్న పెద్ద సరస్సు అది, 2007లో పాచి వల్ల ఉషి నగరానికి తాగునీళ్లే ఆగిపోయాయి. అక్కడ పేరుకున్న మైక్రోసిస్టిస్ అనే పాచి గాలిలో నత్రజనిని పట్టుకోలేదు, పైగా లోతు తక్కువ చోట అడుగు మట్టి నుంచి భాస్వరం ఎలాగూ వస్తూనే ఉంటుంది, అలాంటప్పుడు రెండూ తగ్గించాల్సిందే అని వాళ్ల మాట. మురుగు కలవకుండా ఆపితే రెండూ ఒకేసారి తగ్గుతాయి కాబట్టి చిన్న చెరువుల వరకు ఈ గొడవ అంత అడ్డం రాదు, వేరే ఊరి చెరువులో పనిచేసిన మందు ఇక్కడా పనిచేస్తుంది అనుకునేటప్పుడే అడ్డం వస్తుంది.

ఎండాకాలం: పైన వేడి పొర, అడుగున ఊపిరాడని పొర

నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి, వేడెక్కే కొద్దీ తేలికవుతాయి. ఎండకి పైనున్న నీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, కింద చల్లగా బరువుగా ఉన్న పొర విడిగా ఉండిపోతుంది. చాలామంది పొరలు విడిపోవడం చలిదేశాల లోతైన సరస్సుల సంగతి అనుకుంటారు కానీ వేడి ప్రాంతాల్లో దానికి చిన్న తేడా చాలు. 24 నుంచి 25 డిగ్రీలకి మారినప్పుడు నీటి సాంద్రతలో వచ్చే తేడా, 4 నుంచి 5 డిగ్రీలకి మారినప్పటి తేడాకి దాదాపు 30 రెట్లు. అందుకే లోతు తక్కువ చోట రోజూ రాత్రికి కలిసిపోయినా, కట్ట దగ్గర 5 మీటర్ల గుంట మాత్రం గాలి లేని రోజుల్లో వారాల తరబడి రెండు పొరలుగా ఉండిపోగలదు.

పై పొరకి గాలి తగులుతుంది, వెలుతురు ఉంటుంది, ఆక్సిజన్ అందుతుంది. కింది పొరకి అవేవీ ఉండవు, పైగా చచ్చిన పాచి, ఆకులు, మురుగు అన్నీ అక్కడికే దిగి కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తాయి. అది అయిపోయాక అడుగు మట్టిలో ఇనుముని పట్టుకుని ఉన్న భాస్వరం వదులైపోయి మళ్లీ నీళ్లలోకి వస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ తయారవుతుంది. వేడి నీళ్లు అసలే ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, 20 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 9.1 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 డిగ్రీల దగ్గర 7.6 కి వచ్చేస్తాయి, అదే వేడికి చేపల ఆకలి, ఊపిరి అవసరం మాత్రం పెరుగుతాయి.

దీనికి తోడు ఆవిరి. రోజుకి 6 మిల్లీమీటర్ల చొప్పున ఆవిరైతే మన చెరువు నుంచి రోజుకి 600 ఘనపు మీటర్లు పోతాయి, 90 రోజులకి 54 వేలు, అంటే నాలుగో వంతుకి పైగా. నీళ్లు పోతాయి కానీ భాస్వరం, ఉప్పు పోవు, మిగతావి ఏవీ మారకపోతే అవి 37 శాతం చిక్కబడతాయి. అంటే బయట నుంచి ఒక్క చుక్క మురుగు కలవకపోయినా ఎండాకాలం చివరికి నీళ్లు తమంతట తామే చెడుతున్నట్టు కనపడతాయి.

పాచి పట్టిన చెరువుని మధ్యాహ్నం పరీక్షిస్తే ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందని వస్తుంది, పాచి కూడా పగలు ఆక్సిజన్ వదులుతుంది కదా, కానీ రాత్రంతా అదే పాచి ఆక్సిజన్ పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున లెక్క వేరేగా ఉంటుంది. చేపలు పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతూ కనపడేది ఆ వేళలోనే. మధ్యాహ్నం రిపోర్టు పట్టుకుని అంతా బాగుందని చెప్పేవాళ్లు, తెల్లారి చేపల్ని చూసి ఏదో జరిగిందని చెప్పేవాళ్లు, ఇద్దరూ నిజమే చెప్తున్నారు, కాకపోతే వేర్వేరు గంటల సంగతి.

మొదటి వాన రాత్రి అసలు జరిగేది

ఇప్పుడు మొదట్లో చెప్పిన చేపల దగ్గరికి వద్దాం. కట్ట దగ్గర 5 మీటర్ల లోతు, పైన 3 మీటర్లలో ఆక్సిజన్ లీటరుకి 7 మిల్లీగ్రాములు, కింద 2 మీటర్లలో సున్నా. గాలివాన వచ్చింది, చల్లటి వాననీళ్లు బరువుగా కిందికి దిగాయి, పొరలు రెండూ కలిసిపోయాయి. సగటు వేస్తే 4.2, చేపలు ఇబ్బందిపడతాయి కానీ బతుకుతాయి. అయితే కింది పొర ఖాళీ చేతులతో రాదు, నెలలుగా పోగైన సల్ఫైడు, కరిగిన ఇనుము, సగం కుళ్లిన చెత్త అన్నీ ఆక్సిజన్ తగలగానే దాన్ని లాగేసుకుంటాయి, పైగా మబ్బు పట్టి ఉంటుంది కాబట్టి మర్నాడు పాచి నుంచి కొత్త ఆక్సిజన్ కూడా సరిగా రాదు. 4.2 కాస్తా 2 కిందకి పోతే పెద్ద చేపలు ముందు పోతాయి. విషం వల్ల అయితే చాలాసార్లు చిన్నా పెద్దా అన్నీ కలిసి, ఏ గంటలోనైనా చస్తాయి, నీళ్లలోని పురుగులు కూడా చస్తాయి. ఆక్సిజన్ అయిపోయినప్పుడు మాత్రం తెల్లవారుజామున, ఎక్కువగా పెద్దవి. ఇది పక్కా రుజువు కాదు, కానీ శాంపిల్ ఏ గంటకి ఎంత లోతులో తీశారు అని అడగడానికి ఇది చాలు.

మొదటి వాన ఇంకో పని కూడా చేస్తుంది. ఎండాకాలమంతా రోడ్ల మీద, కాలువల్లో పేరుకున్న నూనె, దుమ్ము, పేడ, ఎరువు అంతా ఆ మొదటి గంట ప్రవాహంలోనే వచ్చేస్తుంది. అందుకే మొదటి నీళ్లని నేరుగా చెరువులోకి వదలకుండా ముందు ఒక చిన్న గుంటలోకి, జమ్ము తుంగ ఉన్న తడినేలలోకి మళ్లించడం అనే ఆలోచన వచ్చింది.

వానాకాలం: చెరువు నిండుతుంది, పూడుతుంది కూడా

నిండిన చెరువు చూడటానికి బాగుంటుంది, ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉండదు. వచ్చే ఎండాకాలం సమస్యలన్నీ లోపలికి వచ్చేది మాత్రం ఇప్పుడే. భాస్వరంలో పెద్ద భాగం మట్టి రేణువులకి అతుక్కుని ప్రయాణం చేస్తుంది, కాబట్టి ఎర్రనీళ్లు వచ్చాయంటే ఎరువు కూడా వచ్చినట్టే.

ఏడాదికి సగటున 1 సెంటీమీటరు పూడిక పడుతోంది అనుకుంటే మన చెరువులో అది 1,000 ఘనపు మీటర్లు, 20 ఏళ్లకి 20 వేలు, చెరువు నీళ్లు పట్టే సామర్థ్యంలో 10 శాతం పోయినట్టు. 10 ఘనపు మీటర్లు పట్టే లారీలు 2,000 కావాలి దాన్ని ఎత్తడానికి, అది కూడా చెరువు ఖాళీ చేసి. అదే కాలువ చెరువులో కలిసే చోట చిన్న పూడిక గుంట ఉండి సగం మట్టిని ఆపగలిగితే ఏడాదికి 50 లారీలు, ఎండాకాలంలో రెండు మూడు రోజుల పని. కానీ గుంట ప్రతి ఏడూ శుభ్రం చేస్తేనే. నిండిపోయిన గుంట ఏమీ ఆపదు, పెద్ద వరద వస్తే లోపలున్నది కూడా ఊడ్చుకుని చెరువులోకి తెస్తుంది.

కట్ట, తూము, అలుగు సంగతి కూడా ఈ సీజన్‌దే. కట్ట నుంచి కొంచెం ఊట రావడం మట్టికట్టలకి మామూలే, ఆ ఊట తేటగా ఒకే తీరున ఉన్నంతకాలం. అది బురదగా మారినా, పెరుగుతున్నా లోపల్నుంచి మట్టి కోసుకుపోతోందని అర్థం, అప్పుడు ఇంజినీరు వెంటనే చూడాల్సిందే. కట్ట మీద చెట్ల గురించి రెండు మాటలు వినపడతాయి, వేళ్లు మట్టిని పట్టుకుంటాయి కాబట్టి ఉండనివ్వాలని ఒకరు, గాలివానకి చెట్టు కూలితే వేరుతో పాటు కట్ట ముక్క లేచిపోతుందని, చచ్చిన వేరు కుళ్లి గొట్టంలా దారి ఇస్తుందని ఇంకొకరు. కట్టల భద్రత చూసే ఇంజినీర్లు ఎక్కువగా రెండో వైపు ఉంటారు, గడ్డి మాత్రం ఉండాలంటారు. అయితే బాగా ముదిరిన చెట్టుని నరికి వేరు అలాగే వదిలేస్తే ప్రమాదం తగ్గదు, ఆలస్యం అవుతుందంతే.

చలికాలం: తేటగా ఉన్నప్పుడు మోసపోయే కాలం

వెలుతురు తగ్గుతుంది, నీళ్లు చల్లబడతాయి, పాచి నెమ్మదిస్తుంది, మట్టి దిగుతుంది. నీళ్లు తేటబడతాయి. ఈ టైమ్‌లో ఏదైనా మందు చల్లి ఉంటే అదే పనిచేసిందని అనుకోవడం చాలా మామూలు, దాన్ని తేల్చాలంటే వచ్చే ఎండాకాలం వరకు ఆగాలి. గడ్డకట్టే ప్రాంతాల్లో దీని కథ వేరు, మంచు పైకప్పులా మూసేసి దాని మీద ఇంకా మంచు కురిస్తే లోపలికి వెలుతురు కూడా పోదు, ఆక్సిజన్ అయిపోయి చేపలు చనిపోతాయి, మంచు కరిగాక గానీ బయటపడదు. అక్కడ కూడా చావు ఒక సీజన్‌లో, కనపడటం ఇంకో సీజన్‌లో.

అడుగు మట్టిలో దాగిన పాత బాకీ

మురుగు ఆపేశాం, అయినా పాచి తగ్గలేదు, కాబట్టి మురుగు కారణం కాదు. ఈ వాదన ప్రతి చెరువు దగ్గరా ఎవరో ఒకరు చేస్తారు. దీనికి జవాబు రెండు సరస్సుల్లో ఉంది.

అమెరికాలో సియాటిల్ పక్కనున్న లేక్ వాషింగ్టన్‌లోకి వచ్చే మురుగుని 1963 నుంచి 1968 మధ్య దశలవారీగా మళ్లించేశారు, కొద్ది ఏళ్లలోనే నీళ్లు తేటపడ్డాయి. అది లోతైన సరస్సు, సగటే 30 మీటర్లు దాటుతుంది. స్వీడన్‌లోని ట్రుమ్మెన్ సరస్సు మహా అయితే 2 మీటర్ల లోతు, దాంట్లోకి మురుగు 1950ల చివర్లోనే ఆపేసినా పదేళ్లకి పైగా ఏమీ మారలేదు. చివరికి 1970, 71లో పైపైన ఉన్న సుమారు మీటరు మందం బురదని పంపులతో తోడేశాక గానీ బాగుపడలేదు.

ఎందుకో మన చెరువులో చూద్దాం. అడుగున పై 10 సెంటీమీటర్ల బురద 10 వేల ఘనపు మీటర్లు అవుతుంది, ఘనపు మీటరుకి 200 కిలోల పొడి మట్టి, గ్రాముకి 1 మిల్లీగ్రాము భాస్వరం అనుకుంటే మొత్తం 2,000 కిలోలు. నీళ్లలో ఉన్నది 4.8 కిలోలు. బురదలో ఉన్నదాంట్లో ఒక్క శాతం ఎండాకాలంలో వదులైనా 20 కిలోలు పైకి వస్తాయి, చెరువు పచ్చబడటానికి అది నాలుగింతలు ఎక్కువ. అందుకే మురుగు ఆపడం అవసరం కానీ దాని ఫలితం పాత బాకీ తీరాక గానీ కనపడదు, బాకీ తీరలేదని మురుగు మళ్లీ వదిలితే అది పెరుగుతూనే ఉంటుంది.

పూడిక తీయడాన్ని వ్యతిరేకించేవాళ్ల మాటల్లో కూడా బలముంది. అడుగున ఉన్న మొక్కలు, నత్తలు, చేపలు గుడ్లు పెట్టే చోట్లు పోతాయి, ఇంకిపోకుండా ఆపే బంకమట్టి పొరని కూడా గీకేస్తే చెరువు నీళ్లు నిలవకపోవచ్చు, తీసిన బురదలో భారలోహాలు ఉంటే దాన్ని పొలాల్లో వేయకూడదు. కాబట్టి ఎంత తీయాలి అన్నది బురదని పరీక్షించాక తేలే విషయం, మిషన్ ఎంత లోతు తవ్వగలదు అన్నది కాదు.

పటిక, మైలుతుత్తం, బ్యాక్టీరియా పొడులు

పచ్చ నీళ్లకి చల్లే మందులు అన్నీ ఒకే రకం కావు, ఒక్కోటి ఒక్కో చోట దెబ్బకొడుతుంది. పటిక జాతి అల్యూమినియం సల్ఫేట్ భాస్వరాన్ని పట్టుకుని అడుగుకి దింపి అక్కడ పొరలా కప్పుతుంది. పొరలుగా విడిపోయే లోతైన సరస్సుల్లో దాని ఫలితం పదేళ్లు దాటి నిలిచిన సందర్భాలున్నాయి, లోతు తక్కువ చోట అడుగు కదులుతూ ఉంటుంది కాబట్టి చాలా తక్కువ ఏళ్లే. మోతాదు తప్పి నీళ్ల పీహెచ్ (ఆమ్లగుణం కొలత, తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) 6 కిందికి పడిపోతే అల్యూమినియం చేపలకి విషమవుతుంది. లాంథనం అనే లోహం కలిపిన బంకమట్టి కూడా దాదాపు ఇదే పని చేస్తుంది, పీహెచ్ అంతగా దించదు, ఖర్చు ఎక్కువ.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, పాచిని నేరుగా చంపుతుంది, రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది కాబట్టి జనానికి నమ్మకం ఎక్కువ. కానీ భాస్వరం ఎక్కడికీ పోలేదు, చచ్చిన పాచి కుళ్లి ఆక్సిజన్ లాగుతుంది, మళ్లీ కొత్త పాచికి మేత అవుతుంది, రాగి మాత్రం ప్రతి విడతకీ అడుగున పోగవుతూ ఉంటుంది. పాచి విషం ఉన్న రకమైతే కణాలు పగిలి ఆ విషం ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుంది. అలాగని దాన్ని అసలు వాడకూడదని కాదు, పాచి ఇంకా కొద్దిగా ఉన్నప్పుడే, నిపుణుల లెక్క ప్రకారం కొంత భాగంలో వాడితే ఉపయోగం ఉందనేవాళ్లు ఉన్నారు. బ్యాక్టీరియా పొడుల విషయంలో మాత్రం నాకు అనుమానమే. బురద కాస్త కరగొచ్చు, వాసన తగ్గొచ్చు, కానీ భాస్వరం ఒక మూలకం, దాన్ని ఏ సూక్ష్మజీవీ మాయం చేయలేదు.

కలుపు మొత్తం తీసేస్తే నీళ్లు ఎందుకు పచ్చబడతాయి

లోతు తక్కువ చెరువుకి నిలకడగా ఉండే స్థితులు రెండని మార్టెన్ షెఫర్ అనే డచ్ శాస్త్రవేత్త వివరించాడు. ఒకటి అడుగున మొక్కలుండి నీళ్లు తేటగా ఉండటం, రెండోది మొక్కలు లేక నీళ్లు పాచితో చిక్కగా ఉండటం. మొక్కలు బురదని కదలనివ్వవు, పాచికి దక్కాల్సిన మేతని కొంత తీసుకుంటాయి, పాచిని తినే చిన్న జీవులకి దాక్కునే చోటిస్తాయి. ఈత కొట్టేవాళ్ల కాళ్లకి, బోటు పంకాకి చుట్టుకుంటున్నాయని వాటన్నిటినీ ఒకేసారి పీకేస్తే చెరువు మొదటి స్థితి నుంచి రెండోదాంట్లోకి జారిపోతుంది, మళ్లీ వెనక్కి రావడం చాలా కష్టం. అందుకే ఈత చోటు, పడవల దారి వరకు తీసి మిగతాది ఉంచడం అనే రాజీ చాలాచోట్ల కనపడుతుంది. గడ్డిచేప వదలమనేవాళ్లు కూడా ఉంటారు, అది మొక్కల్ని తింటుంది నిజమే, తిన్నదంతా ఎరువుగా నీళ్లలోకే వదులుతుంది, పాచిని తినదు, ఎక్కువ వదిలితే ఒక్క మొక్క కూడా మిగల్చదు.

గుర్రపుడెక్క లెక్క మాత్రం వేరు, దాంతో రాజీ కుదరదు. అనువైన పరిస్థితుల్లో ఒకటి రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. 10 రోజులకి రెట్టింపు అనుకుందాం, ఈ రోజు చెరువులో 1 శాతం ఉంటే 30 రోజులకి 8 శాతం, ఎవరూ పట్టించుకోరు, 60 రోజులకి 64 శాతం, అప్పుడు మిషన్లు కావాలి. 1 శాతం అంటే మన చెరువులో పావు ఎకరం, కొద్ది మంది మనుషులు పడవలో వెళ్లి తీసేయగలిగినంత. తీసినదాన్ని ఒడ్డునే కుప్పపోస్తే కుళ్లి అదే భాస్వరం మళ్లీ లోపలికి కారుతుంది, దూరంగా తీసుకెళ్తే మాత్రం చెరువులోంచి భాస్వరం నిజంగా బయటికి పోయినట్టే. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికుంటాయి కాబట్టి ఒకసారి తీసి వదిలేయడం కుదరదు.

ఎయిరేటర్ వేస్తే సరిపోతుందా

ఎయిరేటర్ అంటే నీళ్లకి గాలి పట్టించే మిషన్. అందులో నీళ్లని పైకి చిమ్మే ఫౌంటెన్ రకం అందంగా ఉంటుంది, పై మీటరు వరకు ఉపయోగం, అడుగు పొరకి అందదు. అడుగున గొట్టాలేసి బుడగలు వదిలే రకం నీళ్లని కిందనుంచి పైకి తిప్పి అసలు పొరలే ఏర్పడకుండా చూస్తుంది. చిక్కల్లా ఎప్పుడు మొదలుపెట్టారన్న దానిలో ఉంది. నడి ఎండాకాలంలో పొరలు గట్టిగా విడిపోయాక ఒక్కసారిగా ఆన్ చేస్తే మొదటి వాన రాత్రి జరిగేదే మనం చేతులారా చేసినట్టు, చేపలు అలాగే తేలుతాయి. అందుకే ఎండలు ముదరకముందే, మొదటి రోజు కొన్ని నిమిషాలతో మొదలుపెట్టి రోజురోజుకీ పెంచుతారు. మేత తగ్గనంతవరకు ఎయిరేటర్ ఒక ఊపిరి మిషన్ లాంటిది, కరెంటు పోయిన రాత్రి ఏమవుతుందో కూడా లెక్కలో పెట్టుకోవాలి.

ఈత కొట్టొచ్చా అనేది కళ్లతో చూసి చెప్పలేం

తేటగా ఉన్న నీళ్లలో మలం తాలూకు బ్యాక్టీరియా ఉండొచ్చు, కాస్త పచ్చగా ఉన్న నీళ్లలో అది లేకపోవచ్చు, ఎందుకంటే ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిదానికి ఈ.కోలి అనే పేగుల బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. అమెరికా పర్యావరణ సంస్థ 2012 సిఫార్సులో 100 మిల్లీలీటర్లకి 126 అని ఉంటుంది, యూరప్ 2006 నిబంధనల్లో లోతట్టు జలాలు అత్యుత్తమం అనిపించుకోవాలంటే 500 అని ఉంటుంది. యూరప్ వాళ్లు నాలుగు రెట్లు వదిలేశారు అనిపిస్తుంది కానీ కాదు, 126 అనేది చాలా శాంపిళ్ల మీద తీసే ఒకరకం సగటు, 500 అనేది నూటికి 95 శాంపిళ్లు దాటకూడని హద్దు, రెండూ ఒకే తక్కెడలో తూగేవి కావు. ఒక్క శాంపిల్ రిపోర్టుని ఈ అంకెలతో పోల్చి భయపడటం, ధైర్యపడటం రెండూ తొందరపాటే. పెద్ద వాన పడ్డాక ఒకటి రెండు రోజులు మాత్రం అంకె ఎలాగూ పెరుగుతుంది.

రెండోది నీలిఆకుపచ్చ పాచి విషం. ఆ పాచి కణాల్లో గాలి సంచులుంటాయి, తేలి గాలి వాలున ఒక ఒడ్డుకి చేరి నురగలా పేరుకుంటుంది, అవతలి ఒడ్డున తీసిన శాంపిల్ మంచిగా వస్తుంది. పిల్లలు, కుక్కలు దిగేది లోతు తక్కువ ఒడ్డునే కాబట్టి ప్రమాదం వాళ్లకే ఎక్కువ. మరిగిస్తే పోతుందని అనుకుంటారు, పోదు. 2014 ఆగస్టులో అమెరికాలో టొలీడో నగరానికి ఎరీ సరస్సు పాచి విషం వచ్చినప్పుడు నీళ్లు మరిగించి కూడా తాగొద్దని చెప్పారు, మరిగిస్తే ఆ విషం ఇంకా చిక్కబడుతుంది.

20 సెంటీమీటర్ల పళ్లెం చెప్పే సంగతులు

ఇన్ని పరీక్షలు ప్రతి నెలా చేయించడం ఏ సంఘానికీ కుదరకపోవచ్చు, కానీ ఒక్కటి మాత్రం ఎవరైనా చేయగలరు. ఆంజెలో సెక్కీ అనే ఇటలీ శాస్త్రవేత్త 1865లో సముద్రంలో మొదలుపెట్టిన పద్ధతి అది, ఇప్పుడు చెరువుల్లో వాడేది 20 సెంటీమీటర్ల పళ్లెం, నలుపు తెలుపు ముక్కలుగా రంగేసి, గుర్తులు పెట్టిన తాడుకి కట్టి దింపుతారు. ఎంత లోతులో కనపడకుండా పోయిందో అదే కొలత. రాబర్ట్ కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త 1977లో దీన్ని ఒక సూచికగా మార్చాడు, అంకె ఎంత పెద్దదైతే పాచి అంత ఎక్కువని లెక్క, 4 మీటర్లు కనపడితే 40, 2 మీటర్లు అయితే 50, 1 మీటరు అయితే 60, లోతు సగమైనప్పుడల్లా 10 పెరుగుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది, వానాకాలంలో ఎర్రమట్టి వల్ల కూడా పళ్లెం తొందరగా మాయమవుతుంది, కాబట్టి అంకె పక్కన నీళ్ల రంగు కూడా రాయాలి, గోధుమరంగా, పచ్చా అని.

రెండు వారాలకోసారి, అదే చోట, ఇంచుమించు అదే గంటకి ఈ అంకె రాస్తూ పోతే రెండేళ్లకి సుమారు 50 అంకెలు అవుతాయి. చలికాలంలో 1.8 మీటర్లు ఉన్నది ఎండలు మొదలయ్యాక ఏ వారం నుంచి తగ్గింది, మొదటి వానకి ఎంత పడిపోయింది, పూడిక గుంట శుభ్రం చేసిన ఏడాది వానాకాలానికీ చేయని ఏడాదికీ తేడా ఎంత, మందు చల్లాక నిజంగా పెరిగిందా లేక ప్రతి ఏటా ఆ నెలలో పెరిగేదే పెరిగిందా, ఇవన్నీ ఆ ఒక్క నోట్‌బుక్‌లో దొరుకుతాయి.